చిట్టా వేరు, చీటీ వేరు: చేతిరాత పనుల జాబితా ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ చతికిలబడుతుంది

సంక్షిప్తంగా: చేత్తో రాసుకునే పనుల జాబితా మొదటి వారం హాయిగా ఉంటుంది, మూడో వారానికి బరువవుతుంది. పని మరిచిపోకుండా దాచుకోవడం ఒక అవసరం. ఈ రోజు ఏది చేయాలో తేల్చుకోవడం ఇంకో అవసరం. రెండింటినీ ఒకే కాగితం మీద తీర్చుకోబోవడమే ఈ బరువుకు ప్రధాన కారణం. అన్ని పనులూ దాచే చిట్టాగా, ఈ రోజువి మాత్రమే ఏరిన చీటీగా వాటిని విడదీసి, మిగిలిపోయిన పనిని చేత్తో తిరగరాసే అలవాటు పెట్టుకుంటే కాగితం చాలాకాలం పనిచేస్తుంది.

పనులు రాసుకోవడానికి ఫోన్‌లో యాప్‌లకు కొదవ లేదు. అవి అలారం మోగిస్తాయి, వెతికితే క్షణంలో చూపిస్తాయి, పాత పనిని వాటంతట అవే రేపటికి జరుపుతాయి. అయినా ఆఫీసు బల్లల మీద, చొక్కా జేబుల్లో, ఫ్రిజ్ తలుపుల మీద కాగితం చీటీలు పోలేదు. ఇంకోవైపు, కొత్త నోట్‌బుక్ తెచ్చుకుని మొదటి మూడు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, నాలుగో పేజీ దగ్గర వదిలేయడమూ మామూలే. వదిలేసినవారు సాధారణంగా తమ క్రమశిక్షణను తప్పుపట్టుకుంటారు. జాబితా పనిచేసే తీరును దగ్గరగా చూస్తే ఆ నింద చాలావరకు అన్యాయమనిపిస్తుంది. కాగితం మీద పనులను అమర్చిన పద్ధతిలోనే లోపం ఉంటుంది.

## తలలో పెట్టుకుంటే ఏమవుతుంది

మనసు ఒకేసారి పట్టుకోగల విషయాలు తక్కువ. 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ ఆ సంఖ్యను ఏడుకు ఒకటి రెండు అటూ ఇటూగా చెప్పాడు. 2001లో అదే రంగానికి చెందిన నెల్సన్ కోవన్ అప్పటికి పోగైన ప్రయోగాలను బేరీజు వేసి, విషయాలను గుంపుగా కలుపుకునే వీలూ లోలోపల వల్లెవేసుకునే వీలూ లేకపోతే అది నాలుగు దగ్గరే ఆగుతుందని తేల్చాడు. చిన్నాపెద్దా కలిపి పదిహేను పనులున్న రోజు ఈ హద్దును ఎప్పుడో దాటేసినట్టే.

అయితే పని మరుపున పడడానికి చోటు చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. మందుల షాపు ముందు నుంచే నడిచి వెళ్లిన మనిషికి మాత్రలు కొనాలన్న సంగతి ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గుర్తొస్తుంది. విషయం తలలోనే ఉంది, కావలసిన చోట పైకి రాలేదు. చేయబోయే పనిని సరైన వేళకు గుర్తుచేసుకునే ఈ శక్తిని ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు. అది మేలుకోవడానికి బయటి నుంచి ఒక తట్టు కావాలి. కంటికి కనబడే వస్తువు, గడియారం, పక్కనున్న మనిషి, ఏదైనా కావచ్చు. కాగితం ముందుగా చేసేది ఆ తట్టు ఇవ్వడమే, అదీ కంటబడితేనే. నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున వేసిన చీటీకి, తలలో పెట్టుకున్నదానికి పెద్ద తేడా ఉండదు.

రెండో సంగతి తలలో పెట్టుకున్న పని పెట్టే గోల. బెర్లిన్‌లో మనస్తత్వవేత్త కుర్ట్ లెవిన్ శిష్యురాలు బ్లూమా జైగార్నిక్, మధ్యలో ఆపించిన పనులు పూర్తయినవాటికంటే బాగా గుర్తుంటాయని 1927లో ప్రకటించింది. జాబితాల గురించి రాసేవారు తరచూ ఉదహరించే ఈ ఫలితం తర్వాతి ప్రయోగాల్లో నిలకడగా రాలేదు. దానికంటే గట్టిగా నిలిచింది అదే బృందంలోని మరియా ఒవ్‌సియాంకినా 1928లో చూపించిన విషయం. ఆపించిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, వీలు దొరకగానే మనుషులు మళ్లీ అందుకుంటారు. సగంలో ఉన్న పని లాగుతూనే ఉంటుందన్నమాట.

ఆ లాగుడు ఆగాలంటే పని పూర్తికానక్కర్లేదని 2011లో మనస్తత్వవేత్తలు మసికాంపో, బామైస్టర్ చేసిన ప్రయోగాలు చూపాయి. తీరని పనిని తలచుకున్నవారికి ఆ తర్వాత ఏదైనా చదువుతుంటే అదే ఆలోచన అడ్డొచ్చింది. ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తారో నిర్దిష్టంగా అనుకోనిచ్చినవారికి ఆ అడ్డు రాలేదు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న 57 మందిలో సగం మంది పడుకునే ముందు 5 నిమిషాలు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు, మిగతావారు అయిపోయిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవారికి సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపట్టింది. జాబితా ఎంత వివరంగా ఉంటే నిద్ర అంత త్వరగా వచ్చింది. ఇది ఆరోగ్యవంతులైన యువతతో ఒకే రాత్రి చేసిన పరీక్ష కాబట్టి నిద్రలేమికి మందుగా చెప్పడం తగదు. కానీ రెండు అధ్యయనాలూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. ఊరికే రాయడం వల్ల కాదు, వివరంగా రాయడం వల్ల మనసు ఊరుకుంటోంది.

## ఒకే కాగితానికి రెండు కొలువులు

పాత లెక్కల భాషలో చిట్టా అంటే వచ్చినది వచ్చినట్టు, వరస తప్పకుండా రాసుకునే పుస్తకం. పనుల విషయంలోనూ ఆ మాట సరిగ్గా సరిపోతుంది. గుర్తొచ్చిన ప్రతి పనీ చిట్టాలో చేరాలి. ఆ ఒక్క రోజు కోసం దానిలోంచి ఏరి రాసుకున్న చిన్న కాగితం చీటీ.

ఈ రెండింటి లక్షణాలు పొసగవు. చిట్టా మంచిదనిపించుకోవాలంటే దేన్నీ వదలకూడదు. చీటీ మంచిదనిపించుకోవాలంటే దాదాపు అన్నింటినీ వదలాలి. చిట్టా పొడవు పెరగడం ఆరోగ్యమే, చీటీ పొడవు పెరిగితే జబ్బు. చాలామంది జాబితా ఈ రెండూ కలగలిసిన ఒకే కాగితం. సోమవారం 12 పనులతో మొదలవుతుంది. మంగళవారం ఏడు కొట్టేసి ఆరు చేరుస్తారు. శుక్రవారానికి కొట్టివేతల మధ్య 30 లైన్లుంటాయి. ఏదో ఒక పని ముగించి తర్వాతిది చూసుకుందామని కాగితం తీసిన ప్రతిసారీ ఆ 30 లైన్లూ మళ్లీ చదవాలి, మళ్లీ తూచాలి. రోజుకు పదిసార్లు తీస్తే పదిసార్లు అదే తూకం. అలసిన మనసు తేలికైనదాన్ని తీసుకుంటుంది. కష్టమైనది అక్కడే ఉండిపోతుంది, నాలుగు రోజులు పోయాక కన్ను దాని మీద ఆగడమే మానేస్తుంది.

పొడవు ఎందుకు తగ్గదన్నదానికి క్యూల గణితంలో ఒక చిన్న సూత్రం జవాబు చెబుతుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించినందువల్ల దాన్ని లిటిల్ సూత్రం అంటారు. ఒక వరుస నిలకడగా నడుస్తున్నప్పుడు అందులో ఉండే సగటు సంఖ్య, రోజుకు వచ్చి చేరేవాటిని ఒక్కొక్కటీ అందులో గడిపే సగటు రోజులతో గుణిస్తే వచ్చేదానికి సమానం. రోజుకు 5 కొత్త పనులు వస్తూ, ఒక్కో పని సగటున 8 రోజులు జాబితాలో ఉంటే, కాగితం మీద ఎప్పుడు చూసినా సుమారు 40 పనులుంటాయి. ఇందులో బద్ధకం ప్రమేయమేమీ లేదు. రోజుకు ఐదు చొప్పున చక్కగా పూర్తిచేస్తున్న మనిషి జాబితా కూడా 40 దగ్గరే ఉంటుంది.

వచ్చేవి ఐదు, అయ్యేవి నాలుగు అయితే నిలకడే ఉండదు. రోజుకొకటి చొప్పున నెలకు 30 పోగవుతాయి, ఎంత మంచి నోట్‌బుక్ అయినా ఆ తేడాను మింగలేదు. మిగిలేది మూడు దారులు: తక్కువ ఒప్పుకోవడం, ఇంకొకరికి అప్పగించడం, చేయకుండానే కొట్టేయడం. మూడోది ఓటమి కాదు, జాబితా నుంచి పని బయటికి పోవడానికి ఉన్న న్యాయమైన ద్వారం. పూర్తిచేయడం ఒక్కటే దారి అనుకున్న జాబితా ఎప్పటికీ ఉబ్బుతూనే ఉంటుంది.

## చిట్టా పెట్టే తీరు

చిట్టాకు కుట్టిన నోట్‌బుక్ ఒక్కటి చాలు. విడి కాగితాలైతే పోతాయి, రెండు నోట్‌బుక్‌లైతే ఏది ఎక్కడ రాశారో వెతకాలి. ఏ5 సైజు, అంటే 148 బై 210 మిల్లీమీటర్లు, బల్లమీదా సంచిలోనూ ఇముడుతుంది. 8 మిల్లీమీటర్ల రూళ్లున్న పేజీలో ఇరవై పైచిలుకు లైన్లు పడతాయి. ఎడమవైపు రెండు వేళ్ల మార్జిన్ వదిలి, ప్రతి పనికీ వచ్చిన తేదీ వేసి, వచ్చిన వరసలోనే రాయాలి. ఇల్లు, ఆఫీసు, చదువు అంటూ మొదట్లోనే విడదీయబోతే రాయాల్సిన క్షణంలో ఏ పేజీ అన్న సందేహం వస్తుంది. ఆ సందేహంలోనే పని జారిపోతుంది. విడదీత తర్వాతైనా చేసుకోవచ్చు.

తేదీ వేయడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ చిట్టాలో అంతకంటే విలువైన సమాచారం లేదు. ఆరు వారాలుగా కదలని లైను ఏదో తేదీ ఒక్కటే చెప్పగలదు. బాల్‌పాయింట్ పెన్ను చాలు. జెల్ ఇంకు ఆరేలోపు చేయి తగిలితే పూసుకుంటుంది. పెన్సిల్‌తో రాస్తే చెరిపేయబుద్ధవుతుంది, చెరిపితే ఎన్నిసార్లు వాయిదా పడిందన్న ఆనవాలు పోతుంది.

## చీటీలో ఎన్ని పట్టాలి

ఇది కోరికతో తేల్చుకునే సంఖ్య కాదు, గంటలతో తేలుతుంది. పనిదినం 8 గంటలనుకుంటే, ముందే ఖరారైన సమావేశాలు, ప్రయాణం, భోజనం తీసివేయగా 5 గంటలు మిగిలాయనుకుందాం. అందులో అనుకోకుండా వచ్చిపడే ఫోన్లకు, ప్రశ్నలకు, చిన్న మరమ్మతులకు మూడో వంతుకు తగ్గకుండా వదలాలి. మిగిలేది మూడు గంటల పైచిలుకు. ఒక్కో పని 30 నుంచి 45 నిమిషాలనుకుంటే నాలుగు నుంచి ఆరు పనులు పడతాయి. ఆరు దాటిన చీటీ దాదాపు ఎప్పుడూ సాయంత్రానికి సగం మిగులుతుంది.

అంచనాలు ఎందుకు తప్పుతాయో కూడా తెలిసిన విషయమే. పనికి పట్టే కాలాన్ని తక్కువగా లెక్కవేసుకునే ఈ పొరపాటుకు 1979లో మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ ప్లానింగ్ ఫ్యాలసీ అని పేరుపెట్టారు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే వచ్చిన సగటు జవాబు 34 రోజులు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే 49 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. చెడ్డగా ఊహించుకున్నా చాలనంత పొరపాటు అది. తమ పని గురించి ఆలోచించేటప్పుడు మనుషులు ముందున్న దశలను ఊహించుకుంటారే తప్ప, గతంలో అలాంటి పనికి ఎంత పట్టిందో చూసుకోరు. పాత చీటీలు దాచుకోవడం ఇక్కడ అక్కరకొస్తుంది. ప్రతి లైను పక్కన అనుకున్న నిమిషాలు, అయ్యాక పట్టిన నిమిషాలు రెండు వారాలు రాస్తే, ఏ రకం పనికి అంచనా ఎంత తప్పుతోందో సొంత చేతిరాతలోనే కనబడుతుంది.

చీటీకి ఏ6, అంటే 105 బై 148 మిల్లీమీటర్ల కాగితం మంచిది. అంతకంటే పెద్దదైతే ఖాళీ చోటు ఇంకో లైను రాయమంటుంది. కాగితం అంచు తాను విధించే హద్దు ఇది. ఫోన్ తెరకు అంచు లేదు, ఎంత రాసినా కిందికి జరుగుతూనే ఉంటుంది.

చీటీ ముందురోజు సాయంత్రం పది నిమిషాల్లో రాయడం ఉదయం రాయడంకంటే నయం. పని ఎక్కడ ఆగిందో అప్పటికి తాజాగా ఉంటుంది. ఉదయం తాజాగా ఉన్న బుద్ధిని ఏరుకోవడానికి కాక చేయడానికే వాడుకోవచ్చు.

## ఒక లైనును దగ్గరగా చూస్తే

జాబితా బతకడం, చావడం చాలావరకు లైను స్థాయిలోనే జరుగుతుంది. ఒక కాగితం మీద 'కుళాయి' అని ఒక్క మాట ఉందనుకుందాం. రాసిన క్షణంలో దాని వెనకున్నదంతా తెలుసు. వంటింటి కుళాయి కారుతోంది, లోపలి వాషర్ అరిగినట్టుంది, బాగుచేసే మనిషి నంబరు ఎక్కడో ఉంది. మూడు రోజుల తర్వాత అదే మాట చూస్తే ముందు మూడు ప్రశ్నలు తేలాలి: ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, నంబరెక్కడ? అవి తేలేదాకా చేయి కదలదు, కన్ను పక్క లైనుకు జారుకుంటుంది. అదే లైను 'వంటింటి కుళాయి కారుతోందని ప్లంబర్‌కు ఫోన్ చేసి, వచ్చే రోజు అడగాలి. నంబరు ఫ్రిజ్ మీది కార్డులో' అని ఉంటే అది నాలుగు నిమిషాల పని. కష్టం కుళాయిది కాదు, సగంలో ఆగిన వాక్యానిది.

పని పేరును క్రియతో మొదలుపెట్టాలన్నది ఇంగ్లిష్‌లో తరచూ వినబడే సలహా. తెలుగుకు అది అతకదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, తొందరలో రాసేటప్పుడు ముందుగా ఎగిరిపోయేదీ అదే. 'బీమా', 'పళ్ల డాక్టర్', 'రిపోర్టు', 'పెద్దమ్మ' అంటూ నామవాచకాల వరస మిగులుతుంది. అందుకే తెలుగులో రాసేవారు లైను చివర చూసుకోవాలి. అక్కడ క్రియ ఉందా? ఉన్నా, చేతితో చేయగల క్రియేనా?

ఈ రెండో ప్రశ్న మరీ ముఖ్యం. మన భాషలో 'చూడాలి' అనే మాట ఉంది. 'బీమా సంగతి చూడాలి', 'ఆ లెక్కలు ఒకసారి చూడాలి'. క్రియ ఉన్నట్టే ఉంటుంది, కానీ ఏ పనీ చెప్పదు. ఎప్పటికి అయిపోయినట్టో కూడా తెలియదు కాబట్టి కొట్టేయడానికీ వీలుండదు. 'కనుక్కోవాలి', 'ఆలోచించాలి', 'ఏదో ఒకటి చేయాలి' కూడా ఆ కోవలోవే. 'పాత బీమా పాలసీ కాగితం అల్మరా పై అరలోంచి తీసి, గడువు తేదీ చిట్టాలో రాయాలి' అంటే ముగింపు స్పష్టం. తేదీ రాసిన క్షణాన పని అయిపోయింది.

లైను పరిమాణానికీ ఒక కొలత ఉంది. ఒకసారి కూర్చుంటే అయ్యేదే లైను కావాలి, 15 నిమిషాల నుంచి గంట లోపు. 'ఇల్లు మారడం' పని కాదు, నలభై పనుల మూట. దాన్ని చీటీలో రాస్తే ఏ సాయంత్రమూ కొట్టేయలేరు. మూటకు చిట్టా చివర ఒక పేజీ ఇచ్చి, చీటీలోకి ఒక్కో ముక్కనే దించాలి. మరోవైపు, రెండు నిమిషాల్లో అయ్యేదాన్ని రాయడం దండగ, అప్పుడే చేసేయడం మేలు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఏకాగ్రతతో ఏదైనా చేస్తున్నప్పుడు గుర్తొచ్చిన రెండు నిమిషాల పనిని మాత్రం రాసి పక్కన పెట్టాలి. లేకపోతే రెండు నిమిషాల పనులే ఒకదాని వెనక ఒకటి వచ్చి గంటను తినేస్తాయి.

మొండి పనులకు ఇంకో మెట్టు అవసరం. ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకోవడం మీద మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ ఏళ్లతరబడి పరిశోధించాడు. ఇలాంటి 94 పరీక్షలను 2006లో షీరన్‌తో కలిసి సమీక్షించి, వాటి ప్రభావం మధ్యస్థం నుంచి పెద్దదని చూపాడు. కాగితం మీద దీనికి అయ్యే ఖర్చు మూడు నాలుగు మాటలు. 'పన్ను కాగితాలు తేదీల వరసన పెట్టాలి' బదులు 'మధ్యాహ్నం భోజనం చేసి లేవగానే, పన్ను కాగితాలు తేదీల వరసన పెట్టాలి'. 'మధ్యాహ్నం' ఒక్కటే అయితే గడియారం చూడడం గుర్తుండాలి. 'భోజనం చేసి లేవగానే' అంటే గుర్తుచేసే బాధ్యత భోజనానిది.

## గుర్తులు

నాలుగు చాలు. అయినదానికి టిక్కు. సగం అయినదానికి ఏటవాలు గీత. రేపటి చీటీకి లేదా మళ్లీ చిట్టాకు పోయినదానికి బాణం. ఇంకొకరి జవాబు కోసం ఆగినదానికి సున్నా, పక్కనే వారి పేరు, అడిగిన తేదీ. చేయకూడదని తేల్చుకున్నదాన్ని అడ్డంగా కొట్టేస్తే సరి. వీటికంటే ఎక్కువైతే గుర్తుల అర్థాలు గుర్తుపెట్టుకోవడమే ఇంకో పని. రంగు పెన్నులు, అలంకారాలు ఇష్టమైనవారికి ఆనందమే గానీ, నడిరోడ్డు మీద పని గుర్తొచ్చినప్పుడు సరైన రంగు లేదని రాయకుండా ఆగే ప్రమాదం ఉంది.

సున్నా గుర్తు తరచూ నిర్లక్ష్యానికి గురవుతుంది. ఫోన్ చేశారు, అవతలివారు చూసి చెబుతామన్నారు, లైనుకు టిక్కు పడింది. పని మాత్రం కాలేదు, బంతి అవతలి చేతిలో ఉంది. వారానికొకసారి సున్నాలన్నీ చదివితే ఎవరిని మళ్లీ అడగాలో తేదీతో సహా దొరుకుతుంది.

## తిరగరాయడం అనే జల్లెడ

కాగితానికి ఫోన్‌కు మధ్య అసలు తేడా ఇక్కడుంది. చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందనే వాదన ఎక్కువగా పాఠాల నోట్సు మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చింది. 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ చేసిన ప్రయోగాలు వీటిలో ప్రసిద్ధమైనవి, తర్వాత వాటిని మళ్లీ చేసి చూసినప్పుడు అంత స్పష్టమైన తేడా రాలేదు. పనుల జాబితాకు ఆ వాదనతో అవసరం కూడా లేదు. మరిచిపోవడానికి వీలుగానే కదా రాసుకునేది.

తేడా వాయిదా ఖర్చులో ఉంది. ఫోన్‌లో మిగిలిన పని అర్ధరాత్రి దాటగానే దానంతటదే రేపటి కిందికి చేరుతుంది. వాయిదాకు ఏ ఖర్చూ లేదు, కాబట్టి అవి హద్దు లేకుండా పేరుకుంటాయి. కాగితం మీద మిగిలిన ప్రతి పనినీ రేపటి చీటీలోకి అక్షరం అక్షరం మళ్లీ రాయాలి. పది పదిహేను సెకన్ల శ్రమే. కానీ ఆ కాసేపూ ఒక ప్రశ్న అడుగుతుంది: ఇది ఇంకా కావాలా? ఒకసారి రాయడం ఇబ్బంది కాదు. మూడోసారి అదే లైను రాస్తుంటే చేతికే విసుగొస్తుంది. ఆ విసుగును లోపంగా కాక పద్ధతిలో పనిముట్టుగా చూడాలి.

మూడుసార్లు బాణం పడిన లైనును నాలుగోసారి అలాగే రాయకూడదన్నది ఆచరణలో బాగా నిలిచే నియమం. అప్పుడు కారణం వెతకాలి. పని మరీ పెద్దదైతే ముక్క చేయాలి. మొదటి అడుగు తెలియకపోతే ఆ అడుగునే రాయాలి. ఎవరితోనో కష్టమైన మాట మాట్లాడాల్సి వచ్చి వెనకాడుతుంటే, ఆ మాట ఒక వాక్యంగా రాసుకుంటే సగం బరువు దిగుతుంది. అసలు అక్కర్లేకపోతే కొట్టేయాలి. తిరగరాతకు బద్ధకించి నిన్నటి చీటీనే ఇవాళా వాడితే ఈ జల్లెడ మొత్తం పోతుంది. కాగితంతో విసిగిపోయినవారి అలవాట్లలో ముందుగా చూడాల్సింది ఇదే.

## ఎక్కడెక్కడ చెడుతుంది

తేలికవన్నీ ముందు టిక్కు కొట్టడం అందరికీ తెలిసిన జబ్బు. ఐదులో నాలుగు అయ్యాయన్న తృప్తి ఉంటుంది, మిగిలింది ఆ రోజుకు ప్రాణమైనది. గడువు దగ్గరపడిందన్న హడావుడి ఇంకా మోసం చేస్తుంది. ప్రతిఫలం తక్కువైనా సరే, గడువు త్వరగా ముగిసే పనినే మనుషులు ఎంచుకుంటారని 2018లో ఝూ, యాంగ్, సీ చేసిన ప్రయోగాలు చూపాయి. రెండింటికీ విరుగుడు ఒకటే: సాయంత్రం చీటీ రాసేటప్పుడే, ఏ హడావుడీ లేని ఘడియలో, తప్పనిసరిగా జరగాల్సిన ఒక్కదాని చుట్టూ గీత గీసి, రేపు మొదటి ఖాళీ గంటను దానికిచ్చేయడం.

చీటీలో లేని పని చేసి, తర్వాత దాన్ని రాసి టిక్కు పెట్టడాన్ని కొందరు ఎగతాళి చేస్తారు. నిజానికి అది మంచి అలవాటే, కాకపోతే కాగితం వెనకవైపు రాయాలి. రోజంతా ఏమీ కాలేదనిపించిన సాయంత్రం ఆ వెనకవైపు చూస్తే కాలం ఎటు పోయిందో తెలుస్తుంది. వారం రోజులు వెనకవైపు నిండుతూ ముందువైపు ఖాళీగా ఉంటే, అనుకోని పనులకు వదిలిన మూడో వంతు చాలడం లేదని అర్థం. చీటీ ఐదు నుంచి మూడుకు దిగాలి.

వారాంతపు సమీక్ష మానేస్తే చిట్టా నెమ్మదిగా శ్మశానమవుతుంది. అరగంట చాలు. తేదీలు చూస్తూ చదవడం, చచ్చినవాటిని కొట్టేయడం, సున్నాలను తట్టిలేపడం. చిట్టాలో రాస్తే మళ్లీ కంటబడుతుందన్న నమ్మకం ఈ అరగంట మీదే నిలబడి ఉంది. ఆ నమ్మకం పోయిన రోజు మనసు పనులను మళ్లీ తానే మోయడం మొదలుపెడుతుంది.

## చెక్‌లిస్టుతో పోలిక

పనుల జాబితాను చెక్‌లిస్టుతో కలిపేయడం వల్ల కూడా గందరగోళం వస్తుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 విమానం ఎగిరిన కాసేపటికే కూలిపోయింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా రెక్కల, తోక పలకలకు వేసే లాక్‌ను తీయడం మరిచిపోవడమే కారణం. పైలట్ల చెక్‌లిస్టు స్థిరపడడానికి ఆ ప్రమాదం దారితీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఎనిమిది నగరాల్లోని ఆస్పత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. 2014లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 101 ఆస్పత్రుల లెక్కల్లో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. కాగితం ఉండడం వేరు, ఆగి దాన్ని చదవడం వేరు.

చెక్‌లిస్టులో అంశాలు మారవు, అన్నీ చేయాలి, వరస ముఖ్యం. పనుల చీటీలో అంశాలు రోజూ మారతాయి, ఎంపికే ప్రాణం. ప్రయాణానికి సర్దుకోవడం, నెలాఖరు బిల్లులు కట్టడం లాంటి మళ్లీ మళ్లీ వచ్చేవాటిని చీటీలో ప్రతిసారీ పది లైన్లుగా రాయకూడదు. చిట్టా చివరి పేజీలో ఒక్కసారి చెక్‌లిస్టుగా రాసి, చీటీలో 'నెలాఖరు బిల్లులు, చివరి పేజీ చూసి కట్టాలి' అని ఒక్క లైను వేస్తే చాలు.

## కాగితానికి చేతకానివి

కాగితం మోగదు. 4 గంటల 20 నిమిషాలకు చేయాల్సిన పనిని చీటీకి అప్పగించడం తప్పు, దానికి అలారమే గతి. నిర్ణీత గంటకు జరిగేవి, మూడు నెలల తర్వాతి తేదీలు క్యాలెండర్‌లో ఉండాలి. ఉదయం క్యాలెండర్ చూసి, సమావేశాల వేళలు చీటీ పైభాగంలో ఒక లైనుగా దించుకుంటే రెండూ కలుస్తాయి. నలుగురు కలిసి చేసే పనికీ కాగితం చాలదు. ఒకరు టిక్కు పెట్టిన సంగతి ఇంకో ఊళ్లో ఉన్నవారికి తెలియదు. పోగొట్టుకుంటే నకలు లేదు, అందుకే వారాంతపు సమీక్షలో చిట్టా పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచడం మంచి జాగ్రత్త.

జబ్బుపడో, ప్రయాణాల వల్లో రెండు మూడు వారాలు చిట్టా తెరవకపోవడం ఎవరికైనా జరుగుతుంది. చాలామంది అక్కడే శాశ్వతంగా వదిలేస్తారు. కూర్చుని పాతవన్నీ తిరగరాయబోవడమే అందుకు కారణం. అలా చేయనక్కర్లేదు. కొత్త పేజీ తీసి, పాత పేజీలు చూడకుండా, పది నిమిషాల్లో తలలో మెదిలిన పనులన్నీ రాయాలి. ఆ తర్వాతే పాతవి తిరగేసి, గడువున్నవి, ఇంకొకరు ఎదురుచూస్తున్నవి మాత్రం కొత్త పేజీకి తేవాలి. మిగతా పేజీల మీద మూల నుంచి మూలకు ఒక గీత గీసి, పక్కన ఆనాటి తేదీ వేయాలి.